గాలివానకు ఇంట్లో ఒక గట్టి గది

(సొంతిల్లు కట్టుకుంటున్నవాళ్ళు, మేస్త్రీలు కలిసి కర్నూలులో పెట్టుకున్న ఒక ఆదివారం సమావేశంలో, పాలిటెక్నిక్‌లో సివిల్ పాఠాలు చెప్పి రిటైరైన అధ్యాపకుడు ఒకరు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. మైకు వెనకదాకా వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను. ఫ్యాన్లు ఆపమని మాత్రం అడగకండి, ఏప్రిల్‌లో కర్నూల్లో ఆ పాపం నేను మూటగట్టుకోలేను.

ఈ రోజు ఈ విషయం మాట్లాడటానికి కారణం ఒక వాట్సాప్ వీడియో. మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. అమెరికాలో ఒకాయన కారు షెడ్డులో నేల మీది ఇనుప తలుపును పక్కకు జరిపి, నాలుగు మెట్లు దిగి, ఇనప్పెట్టె లాంటి గదిలో కూర్చుంటాడు. పైన సుడిగాలి ఇల్లంతా ఊడ్చుకుపోతుంది. తర్వాత ఆయన పైకొచ్చి దుమ్ము దులుపుకుంటాడు. అది చూసి ఆదోని వైపు నుంచి ఒక రైతు నాకు ఫోన్ చేశాడు. "సార్, ఎట్లాగూ పునాది తవ్వుతున్నాం, జేసీబీ ఉండగానే అట్లాంటి గుంత ఒకటి తీయిస్తే ఎట్లుంటుంది?" అని. వద్దన్నాను. కానీ వద్దని ఊరుకుంటే సరిపోదు కదా, మరేం కట్టుకోవాలో చెప్పాలి. ఆ చెప్పాల్సింది ఫోన్‌లో అయ్యేది కాదు.

ముందు ఆ అమెరికా గుంత సంగతి. అక్కడి మనుషులకు అది సరైనదే. ఓక్లహామా, టెక్సాస్, కాన్సస్ రాష్ట్రాల్లో ఏటా టోర్నడోలు, అంటే ఆ వీడియోలోలాంటి సుడిగాలులు, వస్తాయి. 1999 మే 3న ఓక్లహామాలోని మూర్ పట్టణం వైపు వచ్చిన టోర్నడోలో గాలి వేగాన్ని రాడార్‌తో కొలిస్తే గంటకు దాదాపు 480 కిలోమీటర్లు తేలింది. వాళ్ళ ఇళ్ళు ఎక్కువగా చెక్కవి. ఆ గాలికి చెక్క ఇల్లు నిలబడదు, అందుకని నేల కిందికి పోతారు.

వాళ్ళు నేల పైన కూడా గదులు కట్టుకుంటారన్న సంగతి ఆ వీడియోలో లేదు. మనకు పనికొచ్చే పాఠం అక్కడే ఉంది. 1970 మే 11న టెక్సాస్‌లోని లబ్బక్ ఊరిని టోర్నడో కొట్టింది, 26 మంది పోయారు. ఆ ఊళ్ళోనే టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి ఇంజనీర్లు ఆ తర్వాతి ఏళ్ళల్లో కూలిన ఇళ్ళను తిరిగి తిరిగి చూశారు. చాలా చోట్ల ఇల్లంతా పోయినా నడిమధ్యన ఒక చిన్న గది, బాత్రూమో బట్టలు పెట్టుకునే గదో, నిలబడే ఉంది. నాలుగు గోడలు దగ్గర దగ్గరగా ఉంటే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, కప్పు చిన్నదైతే గాలికి దొరికేదీ తక్కువే. అలాంటప్పుడు ఆ చిన్న గదినే కావాలని గట్టిగా కడితే ఎట్లా ఉంటుందని వాళ్ళు ఆలోచించారు. సుమారు 7 కిలోల చెక్కదుంగను గంటకు 160 కిలోమీటర్ల వేగంతో గోడకేసి కొట్టి పరీక్షలు చేశారు. ఎందుకంటే గాలి ఒక్కటే చంపదు, గాలి మోసుకొచ్చేది చంపుతుంది. 1998లో వాళ్ళ కేంద్ర ప్రభుత్వం ఇంట్లోనే అలాంటి గది కట్టుకోవడానికి కొలతలతో సహా ఒక పుస్తకం అచ్చువేసింది.

ఇప్పుడు మన కోస్తా వైపు చూడండి. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చి వేల మందిని మింగింది. ఆ తర్వాత తీరం వెంబడి కట్టిన తుఫాను షెల్టర్లు చూశారా? స్తంభాల మీద, నేలకు ఎత్తులో ఉంటాయి. అక్కడ చంపేది నీళ్ళు కాబట్టి మనిషిని పైకి ఎక్కించారు. అమెరికాలో చంపేది గాలి కాబట్టి కిందికి దించారు. మరి మన సంగతేమిటి? కర్నూలు జిల్లాలో గాలివానప్పుడు మనుషులు దేనివల్ల పోతున్నారు? ఈ ప్రశ్నకు జవాబు వెతక్కుండా జేసీబీని పిలవకూడదు.

మీరే చెప్పండి. పేపర్లో ఏం చదువుతుంటారు?

(సభలోంచి: "పిడుగులు సార్." "రేకులు ఎగిరిపోయి." "మిద్దె కూలి.")

అంతే. పిడుగు, రేకులు, మిద్దె. వీటికి ప్రహరీ గోడలూ చెట్లూ కలుపుకోండి. ఒక్కొక్కటే చూద్దాం, రేకుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మన దేశంలో కట్టడాల మీద గాలి లెక్కలకు ఐఎస్ 875 అని ఒక ప్రమాణం ఉంది, అందులో మూడో భాగం గాలిది. ఏ ఊళ్ళో ఎంత గాలికి తట్టుకునేలా కట్టాలో అందులో రాసి ఉంటుంది. విశాఖపట్నానికి సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. కర్నూలుకు 39 మీటర్లు, అంటే 140 కిలోమీటర్లు. 140 అంటే రోజూ వచ్చే గాలి కాదు, ఒక తరంలో ఎప్పుడో ఒకసారి వచ్చే విసురు. మనకు ఏప్రిల్, మే నెలల్లో వచ్చే ఈదురుగాలి వేరే రకం. సాయంత్రం పూట పెద్ద మబ్బు పడుతుంది, ఆ మబ్బులోని చల్లటి గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి పడి, నేలను తాకి అన్ని వైపులా పరుచుకుంటుంది. అందుకే వానకంటే ముందు దుమ్ము వస్తుంది. ఎండకు మాడుతున్న ఒంటికి చల్లగాలి తగిలి "అబ్బా" అనుకున్న క్షణం నుంచి మీకు మిగిలేది కొద్ది నిమిషాలే.

ఆ గాలి గంటకు 80 కిలోమీటర్లే అనుకుందాం. అడుగు పొడవు, అడుగు వెడల్పు చోటులో అది దాదాపు 3 కిలోల బలంతో నొక్కుతుంది. 140 అయితే ఎనిమిదిన్నర కిలోలు. నొక్కుతుందంటే గోడను. కప్పు సంగతి తిరకాసు, గాలి కప్పును నొక్కదు, పైకి లాగుతుంది. అంచుల దగ్గర ఆ లాగుడు ఇంకా ఎక్కువ. అదీ కాక గాలికి ఎదురుగా ఉన్న తలుపు తెరిచి ఉందనుకోండి, లోపలికి చొరబడిన గాలి కిందినుంచి కూడా ఎత్తుతుంది. ఎదురుగాలిలో గొడుగు తిరగబడినట్టే. కాబట్టి గాలి మొదలవగానే ముందు గాలికి ఎదురుగా ఉన్న ఆ తలుపు మూయాలి. ఉక్కపోస్తోందని తెరిచి పెట్టుకునేవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడు ఇనుప రేకు బరువు చూడండి. చదరపు అడుగుకు అర కిలో కూడా ఉండదు. సిమెంటు రేకైతే కిలో పైన. గాలి మూడు కిలోలతో లాగుతుంటే అర కిలో రేకు ఎందుకు ఆగుతుంది? ఆగదని మనకూ తెలుసు, అందుకే రాళ్ళు పెడతాం. ఇక్కడి నుంచి ఆలూరు దాకా ఏ ఊరికైనా పోండి, రేకుల మీద బండరాళ్ళు వరసగా కనబడతాయి. దాని లెక్క కూడా చూద్దాం. పదడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు రేకు అంటే 35 చదరపు అడుగులు. అడుగుకు మూడు కిలోలు వేసుకుంటే 105 కిలోలు. మీరు పెట్టిన రాయి ఎంత? ఇరవై కిలోలా? ముప్పైయా? అది రేకును ఆపదు. రేకుతోపాటు లేచి, రేకు జారగానే కిందికి వస్తుంది. కింద మంచం మీద పిల్లలుంటారు. గాలి తీసుకుపోయే రేకు అవతలి పొలంలో పడుతుంది, మీరు పెట్టిన రాయి మాత్రం మీ ఇంట్లోనే పడుతుంది. గాలివాన మరణాల్లో నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. ఆ రాయిని అక్కడ పెట్టింది దేవుడు కాదు కదా.

ఇంటికి పోగానే ఆ రాళ్ళు దించండి. మరి రేకులు? ప్రతి అడ్డపైపుకూ హుక్కు బోల్టులతో బిగించాలి, అంచుల్లో ఇంకా దగ్గర దగ్గరగా. అడ్డపైపు గోడ మీద ఊరికే ఆని ఉంటే రేకులూ పైపులూ కలిసే లేస్తాయి. గోడలో కనీసం అడుగున్నర లోతు నుంచి కమ్మీ పైకి తీసి పైపుకు వెల్డింగ్ కొట్టించాలి. వెల్డింగ్ షాపు పిల్లవాడికి ఇది ఒక పూట పని.

మట్టి మిద్దెది దీనికి పూర్తిగా ఎదురు కథ. అడుగు మందం మట్టి ఉంటే చదరపు అడుగుకు 45, 50 కిలోల బరువు, దాన్ని ఏ గాలీ ఎత్తలేదు. ఎండాకాలంలో ఎంత చల్లగా ఉంటుందో పాత ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కానీ ఉరుస్తోందని ఏడాదికోసారి చౌడు పోస్తూ పోతారు. మట్టి మందం పెరుగుతుంది, కింద దూలాలకూ దంతెలకూ చెద పడుతుంది. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే మట్టి నీళ్ళు తాగి ఇంకా బరువెక్కుతుంది. ఆరో రోజో ఏడో రోజో, వాన తెరిపిచ్చాక, అందరూ పడుకున్నప్పుడు కూలుతుంది. గాలి వస్తే మిద్దె కిందికి పోండి, ముసురు పడితే మిద్దె కిందనుంచి బయటికి రండి. మిద్దె ఇల్లున్నవాళ్ళు ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. దూలం మీద వేలితో కొట్టి చూడండి, డొల్ల మోత వస్తే పైన మట్టి తగ్గించి, కింద ఇనుప పైపు ఊతం ఇవ్వండి.

(సభలోంచి: "బండల కప్పు గురించి చెప్పండి సార్, మాది బేతంచర్ల బండలు.")

మంచి ప్రశ్న. బండ బరువు సరిపోతుంది, గాలికి లేవదు. కానీ బండ విరిగేటప్పుడు ముందు చెప్పదు. కమ్మీ ఉన్న స్లాబు పగుళ్ళిచ్చి, పెచ్చులు రాల్చి, నెలల తరబడి హెచ్చరిస్తుంది. బండ మాత్రం ఒక్కసారిగా రెండు ముక్కలవుతుంది. చెట్టు కొమ్మో పక్కింటి గోడో పడితే దాని కింద ఉండకూడదు. రోజూ ఉండటానికి బండల కప్పు బాగానే ఉంటుంది, గాలివానలో దాక్కోవడానికి నేను లెక్కలోకి తీసుకోను.

ఇప్పుడు ఆదోని రైతు అడిగిన గుంత దగ్గరకొద్దాం. ఎందుకు వద్దు? ఆదోని, ఆలూరు, కోయిలకుంట్ల వైపు నల్లరేగడి నేల. నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, ఎండకు బెత్తెడు పగుళ్ళిస్తుంది. నేల కింద గది కడితే ఆ ఉబ్బుడు గోడలను లోపలికి తోస్తుంది. దానికి తట్టుకునే గోడ కట్టాలంటే పైన ఇల్లు కట్టినంత ఖర్చవుతుంది. అది చాలదన్నట్టు వానాకాలంలో గది నిండా ఊటనీరు. అందులో తేళ్ళు, పాములు. గాలి వచ్చినప్పుడు ముసలమ్మను ఆ గుంతలోకి దించుతారా? డోన్, పత్తికొండ వైపు ఎర్రనేలలో కాస్త లోతుకే రాయి తగులుతుంది, అక్కడ తవ్వడమే పెద్ద పని.

ఇక కర్నూలు టౌనువాళ్ళకైతే నేను కారణమే చెప్పక్కర్లేదు. 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకొచ్చాయి. శ్రీశైలం జలాశయానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చిన రోజులవి. మంత్రాలయం మునిగింది. కర్నూల్లో ఇంటి కప్పుల దాకా నీళ్ళొచ్చిన వీధులున్నాయి. ఆ రాత్రి మేడలెక్కినవాళ్ళు బతికారు. ఆ ఊళ్ళో ఇంటి కింద గుంత తవ్వుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అప్పటి కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేటి వరద పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్ళ మీద పడింది. మన సీమను కరువు సీమ అనుకుంటూ నీళ్ళను మర్చిపోతాం, అవి మాత్రం మనల్ని మర్చిపోవు.

కాబట్టి నా మాట ఇది: నేల తవ్వొద్దు. ఇల్లంతా కోటలా కట్టనూ వద్దు, అంత డబ్బు ఎవరి దగ్గరుంది? నేల మీదే, ఇంట్లోనే, ఒక్క చిన్న గది గట్టిగా కట్టండి. మిగతా ఇల్లు రేకులైనా సరే. ఆ గది మీద స్లాబు వెయ్యండి, స్లాబు మీదికి మెట్లు పెట్టండి. గాలి వస్తే స్లాబు కింద ఉంటారు, నీళ్ళొస్తే స్లాబు మీద ఉంటారు. హంద్రీ ఒడ్డున ఉన్నవాళ్ళకు మాత్రం ఆ ఎత్తు చాలదు. వాళ్ళు హెచ్చరిక రాగానే ఇల్లు వదిలి పోవాల్సిందే, స్లాబును నమ్ముకోవద్దు.

గది ఎంత ఉండాలి? లోపల ఆరడుగులు, ఎనిమిదడుగులు చాలు. అమెరికావాళ్ళ లెక్కలో టోర్నడో గదిలో మనిషికి మూడు చదరపు అడుగులిస్తారు. మనది 48 అడుగులు, అంటే పండక్కి వచ్చిన చుట్టాలతో సహా పడతారు. మన గాలివాన అరగంట, మహా అయితే గంట. పడుకోనక్కర్లేదు, కూర్చుంటే చాలు. పెద్ద గది కట్టాలని ఆశపడకండి, చిన్నదనంలోనే దాని బలం ఉంది.

ఆ గదిని దేనికి వాడాలి? ఖాళీ గది అనేది మన ఇళ్ళల్లో రెండు నెలలు కూడా ఖాళీగా ఉండదు. బాత్రూమ్ చేసుకోవడం అన్నిటికంటే సులువు, ఎట్లాగూ చిన్నగానే కడతాం, దాంట్లో ఎవరూ మూటలు పెట్టరు.

(సభలోంచి ఒక మహిళ: "మా అత్త బాత్రూమ్‌లో కూర్చోమంటే కూర్చోదు సార్, గాలికి కొట్టుకుపోయినా సరే అంటుంది." నవ్వులు.)

మా ఇంట్లోనూ అదే మాట వచ్చిందమ్మా. అయితే దేవుడి గది చెయ్యండి. మీ అత్తగారు అందరికంటే ముందే వెళ్ళి కూర్చుంటారు. సామాన్ల గది చేస్తే మాత్రం ఒక షరతు, పురుగుమందు డబ్బాలు, గ్యాసు సిలిండరు, డీజిలు క్యాను అందులో పెట్టకూడదు. రైతుల ఇళ్ళల్లో మందు డబ్బాలు ఆ గదిలోనే ఉంటాయి. తలుపులు మూసుకుని గంటసేపు ఆ వాసన పీల్చడం గాలివానను మించిన ముప్పు. ఇంకొకటి, పెరట్లో దూరంగా కట్టిన మరుగుదొడ్డి దీనికి పనికిరాదు. దానికి స్లాబున్నా సరే, అక్కడికి పోవాలంటే ఎగిరే రేకుల మధ్య నుంచి పరిగెత్తాలి. ఇంట్లో ముసలివాళ్ళు పడుకునే మంచం దగ్గర్నుంచి ఆరుబయటకు రాకుండా నడిచి వెళ్ళగలిగే చోటే ఆ గది ఉండాలి. పక్కన వేపచెట్టు, కరెంటు స్తంభం, పక్కింటివాళ్ళ ఎత్తు గోడ లేని మూల చూసుకోండి.

ఇక మేస్త్రీలు వినండి. నల్లరేగడిలో పునాది మొరం తగిలేదాకా పోవాలి. తవ్విన రేగడిని మళ్ళీ లోపల పోయకండి, మొరం పోసి దిమ్మిస కొట్టండి. పునాది మీద చుట్టూ కాంక్రీటు బెల్టు వెయ్యండి. గోడ తొమ్మిదంగుళాలు, నాలుగున్నర అంగుళాల సింగిల్ గోడ వద్దే వద్దు. నాలుగు మూలల్లోనూ 12 ఎంఎం కమ్మీ పునాది బెల్టు నుంచి స్లాబు దాకా నిలువుగా రావాలి. మూలలో ఇటుకల మధ్య నాలుగైదంగుళాల ఖాళీ వదిలి, రెండడుగుల గోడ లేచినప్పుడల్లా ఆ ఖాళీని కాంక్రీటుతో నింపుతూ పోండి. పైన కమ్మీని వంచి స్లాబు కమ్మీలో అడుగున్నర దాకా కట్టెయ్యాలి. పునాదినీ గోడనూ స్లాబునూ ఒకటిగా పట్టుకునేది అదే. లింటల్ బెల్టు, అంటే తలుపు పైన గోడల మీద వేసే కాంక్రీటు పట్టీ, తలుపు మీద మాత్రమే ముక్క వేసి వదిలేస్తారు కొందరు. ఈ గదికి నాలుగు గోడల చుట్టూ తెగకుండా తిరగాలి, నాలుగు 10 ఎంఎం కమ్మీలు, ఆరంగుళాలకో రింగు.

స్లాబు ఐదంగుళాల మందం, 8 ఎంఎం కమ్మీ రెండు వైపులా ఆరంగుళాల ఎడంతో. కాంక్రీటులో సిమెంటు ఒకటి, ఇసుక ఒకటిన్నర, కంకర మూడు పాళ్ళు. ఇందాకటి లెక్కలోకి దీన్ని కూడా పెట్టి చూడండి. ఈ స్లాబు బరువు చదరపు అడుగుకు దాదాపు 30 కిలోలు. 140 కిలోమీటర్ల గాలికి అంచుల లాగుడూ, లోపలి ఎత్తుడూ కలిపినా పదిహేను, పదహారు కిలోలు దాటదు. అంటే తన బరువుతోనే నిలబడుతుంది, కమ్మీ కట్టు దానికి అదనపు భరోసా. ఎండాకాలంలో వేస్తే రెండు వారాలు నీళ్ళు పట్టండి. మూడు రోజులు పట్టి, స్లాబు కింద ఊతంగా పెట్టిన సెంట్రింగ్ ఊడదీసే అలవాటు ఎవరికుందో నేను పేర్లు చెప్పను. (నవ్వులు)

తలుపు గురించి ఎవరూ ఆలోచించరు. బాత్రూమ్‌లకు ఇప్పుడు ప్లాస్టిక్ తలుపులు పెడుతున్నారు, గట్టిగా తన్నితే ఊడొస్తుంది. దీనికి మందపాటి చెక్క తలుపో ఇనుప రేకు తలుపో కావాలి. కీళ్ళు మూడు, లోపలి వైపు గడియలు పైనా కిందా మధ్యనా మూడు. తలుపు లోపలికి తెరుచుకోవాలి. బయట గోడ కూలి అడ్డం పడినా మీరు తలుపు లాక్కుని బయటపడగలరు, బయటికి తెరుచుకునేదైతే లోపలే ఇరుక్కుంటారు. కిటికీ వద్దు. ఎదురెదురు గోడల్లో పైన ఒక అడుగు పొడవు, తొమ్మిదంగుళాల ఎత్తు గాలి రంధ్రాలు రెండు పెట్టి, సిమెంటు జాలీ బిగించండి. రెండూ మూసెయ్యకండి, లోపల మనుషులుంటారు. లోపల ఒక టార్చి, నీళ్ళ సీసా, పెద్దవాళ్ళ బీపీ, షుగర్ మాత్రలు, ఒక విజిల్. విజిల్ ఎందుకంటే తలుపుకు ఏదైనా అడ్డం పడితే అరిచి గొంతు పోగొట్టుకోవడం కంటే అది ఊదడం తేలిక. స్లాబు మీద ప్లాస్టిక్ నీళ్ళ ట్యాంకు పెడితే దాన్ని కట్టండి, ఖాళీ ట్యాంకు మొదటి గాలికే ఎగురుతుంది.

పిడుగు సంగతి ఇంకా మిగిలింది. 2018 ఏప్రిల్ 24న మన రాష్ట్రంలో 13 గంటల్లో 36 వేలకు పైగా పిడుగులు నమోదయ్యాయి. కమ్మీ ఉన్న స్లాబు గది పిడుగుకు కూడా మంచి చోటే, కరెంటు ఆ కమ్మీల గుండా నేలలోకి దిగిపోయే అవకాశం ఎక్కువ. కానీ గోడకు ఆనుకోకండి, కొళాయి ముట్టుకోకండి, ఇనుప తలుపు గడియ పట్టుకుని నిలబడకండి. ఫోన్ చార్జింగ్‌లో పెట్టి మాట్లాడొద్దు. పొలంలో ఉన్నవాళ్ళకు ఈ గది అందదు. వాళ్ళు చింతచెట్టు కింద చేరతారు, లేదా బోరు దగ్గర స్టార్టరు పెట్టిన రేకుల గూట్లో దూరతారు. రెండూ తప్పే. జూన్‌లో తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు చూడండి, తలొంచుకుని నేలనే చూస్తుంటారు, నెత్తిన మబ్బు చూడరు. వాళ్ళను చూస్తే నాకు టెన్షన్‌గా ఉంటుంది. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేదాకా ఒకటి, రెండు అని లెక్కపెట్టండి. మూడు అంకెలకు ఒక కిలోమీటరు. 30 లోపే ఉరిమిందంటే పిడుగు మీకు పది కిలోమీటర్ల లోపల ఉంది, పని ఆపి పక్కా ఇంట్లోకి పోవాలి. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రావాలి. పిడుగుల గురించి హెచ్చరించడానికి పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ ఉంది, మీ ఫోన్‌లో వేసుకోండి. గొర్రెల కాపరుల ఫోన్లలో వేసి పెట్టడం మాత్రం ఇంట్లో చదువుకునే పిల్లల పని. చెట్టు కింద మందను గుంపుగా తోలకూడదని కూడా చెప్పండి. పిడుగు నేలలో పాకినప్పుడు ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ మధ్య దూరం వల్ల జీవాలు ముందు పోతాయి. మనిషైతే పాదాలు దగ్గర పెట్టుకుని కూర్చోవాలి, పడుకోకూడదు.

ఇంక మీ ప్రశ్నలు.

(సభలోంచి: "ఎంతవుతుంది సార్ ఖర్చు?")

రేటు నేను చెప్పను, ఈ నెల చెప్పిన రేటు వచ్చే నెలకు పాతదవుతుంది. సామాను చెబుతాను. స్లాబుకు ఏడెనిమిది బస్తాల సిమెంటు. స్లాబు, లింటల్ బెల్టు, మూలలు కలిపి కమ్మీ ఒక క్వింటాలు లోపు. గోడా పునాదీ మీరు ఎట్లాగూ కట్టుకునేవే. కొత్తిల్లు కట్టేటప్పుడు కలిపితే అదనంగా పడేది ఈ కమ్మీ, తలుపు, కాస్త కూలి. పాత ఇంటికి చేర్చాలంటే ఎక్కువవుతుంది, పునాది కొత్తగా తియ్యాలి కదా.

(సభలోంచి: "మాది అద్దె ఇల్లు. రేకులదే. మేమేం చెయ్యాలి?")

మీరు గది కట్టలేరు. రాళ్ళు దించమని ఓనరును అడగండి, బోల్టుల ఖర్చు సగం మేం పెట్టుకుంటామని చెప్పైనా సరే. వీధిలో స్లాబు ఇల్లు ఎవరిదుందో చూసి, గాలి లేని రోజునే వాళ్ళతో మాట్లాడి పెట్టుకోండి. చల్లగాలి తగలగానే పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్ళండి, గాలి ముదిరాక మాత్రం బయటికి రావొద్దు. అప్పటికి ఇంట్లోనే ఉండిపోతే కరెంటు మెయిన్ ఆపేసి, లోపలి గోడ మూలకు మంచం జరుపుకుని దాని కింద దూరండి. నవారు మంచం కాదు, చెక్క మంచం.

(సభలోంచి ఒక మేస్త్రీ: "నాపరాళ్ళతో గోడ కట్టొచ్చా సార్, ఇటుక కంటే మాకు అదే చవక.")

కట్టొచ్చు, కానీ పదిహేనంగుళాల మందం కట్టాలి, సిమెంటు మాలుతో కట్టాలి, మట్టితో కాదు. రెండు ముఖాలుగా కట్టి మధ్యలో పిచ్చిరాళ్ళు నింపే పద్ధతి ఉంది చూడు, అది వద్దు. రెండడుగులకో చోట గోడ మందమంతా పట్టే పొడుగు రాయి అడ్డంగా వెయ్యి. మూల కమ్మీ చుట్టూ కాంక్రీటు నింపడం రాతిగోడలో కష్టం, పీవీసీ పైపు పెట్టి, గోడ లేచే కొద్దీ పైకి లాక్కుంటూ ఆ ఖాళీలో పోసుకుంటూ పో. బొమ్మ గీసిన కాగితం జిరాక్స్ తీయించి తెచ్చాను, ఆ బల్ల మీద ఉంది. కొలతలు అడుగుల్లోనే వేశాను, మీటర్లు అడగొద్దు.